పర్లాకిమిడిలో పాత కారు: పెట్రోలా, ఎలక్ట్రిక్కా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఐదేళ్ల పెట్రోల్ కారు అమ్మకానికి పెడితే ఇంజన్ చప్పుడు విని, కిలోమీటర్లు చూసి బేరం తేల్చేస్తారు. ఎక్కడైనా బాగు చేయించుకోవచ్చన్న ధీమాయే దాని ధరను నిలబెడుతుంది.

ఎలక్ట్రిక్ కారు విలువ మాత్రం చాలావరకు బ్యాటరీదే. టాటా వారి ఎలక్ట్రిక్ కారు (ఈవీ) పాత నెక్సాన్‌కి బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఐదేళ్లు దాటాక మిగిలేది మహా అయితే మూడేళ్లు. కొనేవాళ్ల టెన్షన్ అంతా అక్కడే! పైగా కొత్త ఈవీపై జీఎస్టీ 5 శాతమే, కొత్త మోడళ్ల రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం) కూడా పెరుగుతోంది. పాతదాని రేటు జారిపోక ఏమవుతుంది?

నాలుగేళ్లకే మార్చేవాళ్లు పెట్రోలే తీసుకోండి. రోజూ పాతపట్నం, టెక్కలి తిరుగుతూ పదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఈవీ మేలు. బ్యాటరీ హెల్త్ రిపోర్టు చూసి పాతది కొనేవాళ్లకైతే ఆ జారిన రేటే లాభం. ఆంధ్రా నంబర్ బండి అయితే, ఏదైనా సరే, ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి.