ఓడిపోతున్న జట్టుకు కొత్త కోచ్: ఓపిక పట్టడం మేలా, వెంటనే మార్చేయడం మేలా?

మేము డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాం. ఇక్కడ థ్యాంక్స్‌గివింగ్ రోజు డెట్రాయిట్ లయన్స్ మ్యాచ్ ప్రతి ఏడాదీ సొంత ఊళ్లోనే జరుగుతుంది కాబట్టి, అమెరికన్ ఫుట్‌బాల్ అంటే పెద్దగా పట్టనివాళ్లు కూడా ఆ పూట టీవీ ముందు చేరతారు. 2021లో మా ఇంట్లోనూ అంతే. షికాగో బేర్స్ సరిగ్గా ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు) కొట్టి 16-14తో గెలిచింది. అప్పటికి లయన్స్‌కి ఆ సీజన్‌లో పది ఓటములు, ఒక టై, గెలుపు సున్నా. మా బావగారు చేతిలో ప్లేటు పక్కన పెట్టేసి, "ఇంకా ఈ కోచ్‌ని ఎందుకు ఉంచుకున్నారు? రేపే పంపించెయ్యొచ్చు కదా" అన్నారు. ఆ రోజు నా దగ్గర సరైన సమాధానం లేదు. ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో మూడు జట్లు మూడు దారులు పట్టడం చూశాక ఇప్పుడు చెప్పగలను.

ముందు డెట్రాయిట్. డాన్ క్యాంప్‌బెల్ 2021 జనవరిలో కోచ్‌గా వచ్చాడు. ఒకప్పుడు ఇదే జట్టుకు ఆడినవాడు, 2008లో పదహారుకి పదహారూ ఓడిపోయిన లయన్స్‌లో కూడా ఉన్నాడు. ఆయనతో పాటే ఆటగాళ్లని ఎంచే కొత్త జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్ వచ్చి, ఏళ్ల తరబడి జట్టుని మోసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపించేవాడు) మాథ్యూ స్టాఫర్డ్‌ని లాస్ ఏంజెలిస్ రామ్స్‌కి ఇచ్చేసి, బదులుగా వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌నీ, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్లని జట్లు రౌండ్ల వారీగా ఎంచుకునే పద్ధతి) రెండు మొదటి రౌండ్ ఎంపికలనీ, ఒక మూడో రౌండ్ ఎంపికనీ తెచ్చుకున్నాడు. అంటే ఈ ఏడాది ఓడిపోతామని తెలిసే మొదలుపెట్టారు. స్టాఫర్డ్ వెళ్లిన మొదటి ఏడాదే అక్కడ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు. డెట్రాయిట్ అభిమానికి అది ఎంత గుచ్చుకుంటుందో ఊహించండి.

ఆ సీజన్ ఓటములు ఎలాంటివో చూడాలి. బాల్టిమోర్ మీద గెలిచేశాం అనుకుంటుంటే జస్టిన్ టకర్ 66 గజాల దూరం నుంచి తన్నిన బంతి అడ్డబద్దకి తగిలి ఎగిరి అవతల పడింది, 19-17. లీగ్ చరిత్రలో అప్పటివరకు అంత దూరం నుంచి ఫీల్డ్ గోల్ కొట్టినవాళ్లు లేరు. రెండు వారాలకి మిన్నెసోటా చేతిలో మళ్లీ అదే 19-17, మళ్లీ చివరి క్షణాల్లో ఫీల్డ్ గోల్. ఆ మ్యాచ్ తర్వాత విలేకరుల ముందు క్యాంప్‌బెల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చాలామంది అది బలహీనత అన్నారు. నాకైతే ఆ ఆటగాళ్లు అంత ఓడినా ఆయన కోసం పరిగెత్తడం మానకపోవడానికి అదీ ఒక కారణమే అనిపించింది. డిసెంబరు 5న అదే మిన్నెసోటా మీద, గడియారంలో ఇక టైమే లేని ఆఖరి ప్రయత్నంలో, గాఫ్ విసిరిన బంతిని అమోన్-రా సెయింట్ బ్రౌన్ పట్టుకున్నాడు, 29-27. మొదటి గెలుపు. ఆ కుర్రాడు డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో వచ్చినవాడు. సీజన్ మొత్తం లెక్క 3 గెలుపులు, 13 ఓటములు, 1 టై. కానీ ఆఖరి ఆరు మ్యాచ్‌లే తీసుకుంటే 3 గెలుపులు, 3 ఓటములు. ఈ రెండో లెక్కే ముఖ్యమని నాకు తర్వాత అర్థమైంది.

రెండో ఏడాది కూడా 1-6తో, అంటే ఒక గెలుపు, ఆరు ఓటములతో మొదలైంది. ఎక్కడైనా అప్పుడే కోచ్ మీద వేటు పడుతుంది. ఓనర్ షీలా ఫోర్డ్ హ్యాంప్ మాత్రం 1-5 దగ్గర ఉన్నప్పుడే ప్రాక్టీసు జరిగే చోటికి వచ్చి, ఈ కోచ్ మీదా ఈ పద్ధతి మీదా నమ్మకముందని విలేకరులకి నేరుగా చెప్పింది. మిగతా పదిలో ఎనిమిది గెలిచారు.

ఇప్పుడు కరోలినా పాంథర్స్. 2023లో కొత్త కోచ్ ఫ్రాంక్ రైక్. 1995లో ఆ జట్టు పుట్టినప్పుడు మొదటి మ్యాచ్ ఆడిన క్వార్టర్‌బ్యాక్ ఆయనే. డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక కోసం బేర్స్‌కి ఉన్నదంతా ఊడ్చి ఇచ్చారు: మంచి రిసీవర్ (విసిరిన బంతిని పట్టుకునేవాడు) డీజే మూర్, ఆ ఏడాది రెండు ఎంపికలు, 2024 మొదటి రౌండ్, 2025 రెండో రౌండ్. తెచ్చుకున్నది క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ని. ఆ కుర్రాడిని బంతి విసరకముందే ప్రత్యర్థులు సీజన్‌లో 62 సార్లు కింద పడేశారు. పదకొండు మ్యాచ్‌ల్లో ఒక్కటి గెలిచాక నవంబరులో ఓనర్ డేవిడ్ టెప్పర్ రైక్‌ని తీసేశాడు. అంతకుముందు ఏడాది అక్టోబరులో మ్యాట్ రూల్‌ని కూడా సీజన్ మధ్యలోనే పంపించాడు. చివరికి 2-15.

తేడా ఎక్కడుందంటే, ఇక్కడ ఐపీఎల్ లాగా వేలం ఉండదు, కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లని అడుగున ఉన్న జట్టు ముందు ఎంచుకుంటుంది. ఓడిపోయినందుకు దక్కే ఒకే ఒక్క ఫలం అది. డెట్రాయిట్ ఓడి డ్రాఫ్ట్‌లో ఐడన్ హచిన్‌సన్‌ని తెచ్చుకుంది. కరోలినా ఓడితే ఆ మొదటి ఎంపిక బేర్స్‌కి పోయింది. కోచ్‌ని తీసేస్తే పోయేది ఆయనొక్కడే కాదు, అసిస్టెంట్లు చెదిరిపోతారు, ఆటల పుస్తకం మారిపోతుంది, ఇరవై రెండేళ్ల క్వార్టర్‌బ్యాక్ నేర్చుకున్న పేర్లూ సైగలూ అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

అలాగని మార్చిన ప్రతిచోటా నష్టమే అంటే అబద్ధమవుతుంది. హ్యూస్టన్ టెక్సాన్స్ 2021లో డేవిడ్ కల్లీని 4-13 తర్వాత పంపించింది, 2022లో లవీ స్మిత్‌ని 3-13-1 (చివరిది టై) తర్వాత పంపించింది, ఒక్కొక్కరికి ఒక్కటే సీజన్. నాకు అది అన్యాయంగానే అనిపించింది, ముఖ్యంగా కల్లీ విషయంలో, ఎందుకంటే ఆయన చేతికిచ్చిన జట్టుతో ఎవరైనా ఏం చేయగలరు? కానీ 2023లో డెమీకో రయన్స్ వచ్చాడు, డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ దొరికాడు, 10-7తో డివిజన్ (నాలుగు జట్ల గుంపు) గెలిచి ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్‌ని 45-14తో ఓడించారు. అయితే ఆ రెండు సీజన్లు ఓడినందుకు దక్కిన మొదటి రౌండ్ ఎంపికల్ని హ్యూస్టన్ చేజార్చుకోలేదు, జనరల్ మేనేజర్‌ని మార్చలేదు. కోచ్ మారాడు గానీ పథకం మారలేదు.

ఓపిక కూడా దానంతటదే మంచిది కాదు. ఇదే డెట్రాయిట్, ఇదే ఫోర్డ్ కుటుంబం, క్యాంప్‌బెల్‌కి ముందు మ్యాట్ ప్యాట్రీషియాని మూడో సీజన్ నవంబరు దాకా భరించింది. 2019లో ఆయన జట్టు ఆఖరి తొమ్మిది మ్యాచ్‌లూ వరసగా ఓడిపోయింది, అయినా ఉంచారు. మొత్తం అంకెలు పక్కపక్కన పెడితే ప్యాట్రీషియా 2019 లెక్క 3-12-1, క్యాంప్‌బెల్ 2021 లెక్క 3-13-1, చూడ్డానికి ఒకటే. ఒకరు దిగుతూ ఉన్నారు, ఒకరు ఎక్కుతూ ఉన్నారు.

కాబట్టి మా బావగారికి నా సమాధానం ఇది: జట్టు బలం లేకుండా మొదటి ఏడాది దిగిన కోచ్‌ని ఉంచడమే మేలు, సీజన్ రెండో సగంలో ఆట మెరుగుపడుతుంటే మరీను. ఆటగాళ్లు చేతులెత్తేసి సీజన్ చివరికి ఇంకా దిగజారితే మాత్రం ఆగకూడదు. సీజన్ మధ్యలో తీసేయడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగదు, ఓనర్ కోపం చల్లారడం తప్ప.

2023లో లయన్స్ ముప్ఫై ఏళ్లలో మొదటిసారి డివిజన్ గెలిచి, ప్లేఆఫ్స్‌లో స్టాఫర్డ్ రామ్స్‌నే 24-23తో ఓడించారు. ఆ రాత్రి స్టేడియమంతా గాఫ్ పేరు పట్టుకుని అరుస్తుంటే మా ఇంట్లో బావగారి గొంతే అందరికన్నా పైన ఉంది.

ఇక కరోలినా. 2024లో మళ్లీ కొత్త కోచ్, డేవ్ కనాలెస్. రెండు మ్యాచ్‌లకే యంగ్‌ని బెంచి మీద కూర్చోబెట్టారు, జట్టు 1-7కి పడిపోయింది. టెప్పర్ ఈసారి కోచ్‌ని కదిలించలేదు. యంగ్ మళ్లీ ఆటలోకి వచ్చాడు, మిగతా తొమ్మిదిలో నాలుగు గెలిచారు, ఆఖరిది అట్లాంటాలో, ఓవర్‌టైమ్‌లో, 44-38తో.