చెయ్యి కాలితే ఏది మేలు: కుళాయి నీళ్లా, ఐసా, పేస్టా?

పోపులో నూనె చిట్లినా, కుక్కర్ ఆవిరి తగిలినా ఇంట్లో తలా ఒక మందు చెబుతారు. ఐసు పెట్టమని ఒకరు, పేస్టు రాయమని ఒకరు, దోసెల పిండి పూయమని ఇంకొకరు. వీటన్నిటికంటే కుళాయి నీళ్లే మేలు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

వేడి తగిలిన చోటు నుంచి చెయ్యి తీసేసినా చర్మం లోపలి పొరల్లో ఆ వేడి కాసేపు నిలిచి, దెబ్బతీస్తూనే ఉంటుంది. పారే నీళ్లు దాన్ని లాగేస్తాయి. అందుకే మంట తగ్గిందని రెండు నిమిషాలకే ఆపేయకండి, 20 నిమిషాలు ఉంచండి. వెంటనే కుదరకపోతే, కాలిన 3 గంటల్లోపు పెట్టినా ఉపయోగమే. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. మన ఎండల్లో ఒక చిక్కుంది: మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు సలసలా వస్తాయి. అప్పుడు కుండలో నీళ్లో, నీడన ఉన్న బకెట్ నీళ్లో చెంబుతో పోస్తూ ఉండాలి. పసిపిల్లలకైతే మిగతా ఒళ్లు చలి పట్టకుండా కప్పి ఉంచండి.

ఐసు ఇంకా చల్లన కదా అనిపిస్తుంది. కానీ అది రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, అసలే కాలిన చర్మాన్ని మరింత పాడుచేస్తుంది.

పేస్టులోని పుదీనా చల్లదనం పైపైనే, లోపలి వేడి అలాగే ఉంటుంది. నెయ్యి, వెన్న రాస్తే ఆ వేడి బయటికి పోదు. పిండి, పసుపు, ఇంకు పూస్తే గాయం ఎంత లోతో డాక్టరుకు కనబడదు. వాటిని కడిగేటప్పుడు పిల్లలు పడే బాధ చూడలేం. క్రిములు చేరే భయం సరేసరి.

ఆయింట్‌మెంటా, ఉత్త గుడ్డా అంటే, మొదటి గంటలో శుభ్రమైన తడి గాజుగుడ్డే నా ఓటు. దూది వద్దు, అంటుకుంటుంది. బొబ్బలు చిదమొద్దు. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆయింట్‌మెంట్ సంగతి తర్వాత డాక్టరునో, ఫార్మసిస్టునో అడగొచ్చు.

కాలింది ముఖమైనా, కీలైనా, మర్మాంగాలైనా, గాయం అరచేతికంటే పెద్దదైనా, చర్మం తెల్లబడినా, కరెంటు వల్ల అయినా ఇంట్లో చూసుకునేది కాదు. నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయండి; కరెంటైతే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి.