10డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్: 6,000 కిలోమీటర్ల తర్వాత నా మాట

బ్రాండ్ పేరు కావాలనే రాయట్లేదు. పేరు చెబితే మాట ఆయిల్ మీంచి కంపెనీ మీదికి పోతుంది. బైక్‌లో పోసిన ఇంజిన్ ఆయిల్ 10డబ్ల్యూ-40 (చిక్కదనం గ్రేడు), ఫుల్లీ సింథటిక్, జాసో ఎంఏ2 (బైక్ క్లచ్‌కి పడే ఆయిల్ అని చెప్పే జపాన్ ప్రమాణం). నాకు దీంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది చివరి ముక్క, అంటే డబ్బా వెనక సన్న అక్షరాల్లో ఉండేది.

అది ఎందుకు ముఖ్యమో నా తప్పు వల్లే తెలిసింది. అంతకుముందు కారుకి పోయగా మిగిలిన 5డబ్ల్యూ-30 ఉంది కదా, వృథా ఎందుకని బైక్‌లో పోసేశాను. అదీ మంచి సింథటిక్కే. రెండు వారాలకి ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతోంది, బండి మాత్రం ముందుకి రావట్లేదు. క్లచ్ జారుతోంది. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో మైలేజీ కోసం మాలిబ్డినం లాంటి ఫ్రిక్షన్ మోడిఫయర్లు కలుపుతారు, అవి రాపిడిని తగ్గిస్తాయి, క్లచ్‌కేమో రాపిడే ప్రాణం. ఆయిల్ తప్పేం లేదు, తప్పు చోట పోశాను అంతే. ఎంఏ2 పోశాక నాలుగైదు రోజుల్లో పట్టు మళ్లీ వచ్చింది, ప్లేట్లు మార్చే ఖర్చు తప్పింది.

ఇక "ఫుల్లీ సింథటిక్" అన్న మాటని చూసి మురిసిపోకండి. బేస్ ఆయిళ్లని, అంటే అడిటివ్‌లు కలపకముందు ఉండే అసలు ఆయిళ్లని, ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) 5 గ్రూపులుగా పెట్టింది. ఒకటి, రెండు మామూలు మినరల్. మూడోది కూడా ముడిచమురు నుంచే వస్తుంది, కాకపోతే హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేస్తారు. నాలుగు పీఏఓ, అంటే రసాయనికంగా తయారుచేసే పాలీఆల్ఫాఓలెఫిన్. ఐదులో ఎస్టర్లు అనే ఇంకో రకం సింథటిక్‌లు, మిగతావన్నీ. అమెరికాలో 1999లో ప్రకటనల వివాదం ఒకటి నడిచి, మూడో గ్రూపుని కూడా సింథటిక్ అనొచ్చని తేలాక ఆ మాటకి పదును పోయింది. నా డబ్బా మీద "ఎస్టర్" అని మెరిసే అక్షరాల్లో ఉంది, ఎంత శాతమో మాత్రం ఎక్కడా లేదు. చిటికెడు ఉన్నా ఆ మాట రాసుకోవచ్చు కదా.

అయినా మంచి బేస్ ఆయిల్ తేడా కనబడుతుంది. పాత మినరల్ వాడినప్పుడు మధ్యలో కొంచెం కొంచెం పోయాల్సి వచ్చేది. ఇది 6,000 దాకా, ఇంజిన్ పక్కన ఆయిల్ మట్టం చూపే చిన్న అద్దంలో పై గీత నుంచి వేలు మందం కూడా దిగలేదు. తేలిక భాగం ఆవిరైపోవడం తక్కువ అన్నమాట. దీన్ని కొలిచే పరీక్ష పేరు నోయాక్, 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత తగ్గిందో చూస్తారు. నా ఆయిల్ డేటా షీట్‌లో ఆ అంకె ఒక్కటే ఇవ్వలేదు, నాకు అది నచ్చలేదు.

1,000 కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడింది. మెకానిక్ చూసి "అన్నా, పోయింది ఇది, మార్చేద్దాం" అన్నాడు. వద్దన్నాను. మసిని ముద్ద కట్టనీయకుండా తనలోనే తేలేలా పట్టుకోవడం డిస్పర్సెంట్ల పని, పని చేస్తున్న ఆయిల్ నల్లగానే ఉంటుంది.

అసలు బలహీనత వేరే చోట బయటపడింది. 4,500 దాటాక గేర్లు కాస్త గట్టిపడ్డాయి, న్యూట్రల్ దొరకడం కష్టమైంది. ఈ 40 అన్న అంకె ఊరికే రాదు. 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5కీ 16.3కీ సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటేనే 40 అంటారు, నాది కొత్తలో 14.1. వేడికి ఆయిల్ మరీ పల్చబడకుండా పొడుగాటి పాలిమర్లు కలుపుతారు, చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని వేడెక్కితే విచ్చుకుంటాయి. బైక్‌లో గేర్‌బాక్స్‌కి కూడా అదే ఆయిల్ కాబట్టి ఆ గొలుసులు గేర్ పళ్ల మధ్య నలిగి తెగిపోతాయి, 40 కాస్తా 30 వైపు జారుతుంది. నేను ల్యాబ్‌కి పంపలేదు, కానీ డ్రెయిన్ బోల్ట్ విప్పి రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్దితే కొత్తదానంత జిగురు లేదని తెలుస్తోంది. బోల్ట్ అయస్కాంతానికి మాత్రం సన్నటి బూడిదరంగు పేస్టే, రవ్వలు లేవు. జింక్ అడిటివ్, అంటే జెడ్‌డీడీపీ, తన పని చేసినట్టే. వాల్వులు తెరిచే క్యామ్ మీద ఒత్తిడికీ వేడికీ పొర కట్టి లోహం లోహాన్ని తాకకుండా చూసేది అదే. అందులోని ఫాస్ఫరస్ సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది కాబట్టే దానికి పరిమితి పెట్టారు.

ఇంకా బలంగా ఉండాలని విడిగా అమ్మే అడిటివ్ సీసా ఒకటి తెచ్చి కలపబోయి ఆగాను. జింక్, డిటర్జెంట్లు, ఫ్రిక్షన్ మోడిఫయర్లు అన్నీ ఒకే లోహపు ఉపరితలం మీద చోటు కోసం పోటీ పడతాయి, ఒకటి ఎక్కువైతే ఇంకోటి పక్కకి పోతుంది. పైగా అందులో మాలిబ్డినం ఉందంటే మళ్లీ క్లచ్ టెన్షన్.

ఈసారి కూడా ఇదే పోశాను. డబ్బా మీద 8,000 అని ఉన్నా సరే, 4,500 దగ్గర మార్చేస్తా.