ఆటోనగర్‌లో పాత పానాలు: కొనుక్కోండి, పాలిష్‌కి మాత్రం ఇవ్వకండి

విజయవాడ ఆటోనగర్‌లో పాత పనిముట్లు ఇప్పుడేం దొరుకుతాయిలే అని ఎవరైనా అంటే నమ్మకండి. దొరుకుతాయి, అదీ కేజీల లెక్కన. కానీ దొరికినవాటిని అక్కడే మెరుగు పెట్టించుకుని ఇంటికి తెచ్చుకుందామనుకుంటే మాత్రం ఏడుపే. నా రింగ్ పానా మీద ‘వెస్ట్ జర్మనీ’ అన్న అక్షరాలు బఫింగ్ (పాలిష్ పెట్టే) చక్రం కింద నున్నగా పోయాయి. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

మాది రాజమండ్రి. పానాలు, పట్టకార్లు, బెంచి వైసులు (బల్లకి బిగించుకుని, చేసే వస్తువుని దవడల మధ్య పట్టి ఉంచేవి), ఏవైనా సరే, పాతవి కొని, తుప్పు వదిలించి మళ్లీ పనిలోకి తేవడం నాకున్న పిచ్చి. తోడుగా మావయ్య వచ్చాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పానా ఉన్నది నట్టు విప్పడానికి గానీ అలమారలో పెట్టుకుని మురిసిపోవడానికా అని బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒకటే సణుగుడు. ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, హాయిగా చేరాం.

బస్టాండు దగ్గర లాడ్జి గురించి మాత్రం చెప్పాలి. ఫోన్లో నాన్ ఏసీ డబుల్ రూము 900 అన్నారు. తీరా వెళ్తే ఏసీ రూములే ఉన్నాయి, 1,600 అన్నారు. రాత్రి పూట ఇంకెక్కడికి పోతాం, కట్టేశాం. ఏసీలోంచి గాలి కంటే నీళ్లే ఎక్కువ వచ్చాయి. అదీ సర్దుకున్నాం. మర్నాడు సాయంత్రం మేం గోనెసంచితో తిరిగొస్తే కౌంటర్లో కుర్రాడు అడ్డం నిలబడ్డాడు. ఇనప సామాను రూములోకి తీసుకెళ్లకూడదట, కింద లగేజీ గదిలో పెడితే 100 రూపాయలట. రూలు ఎక్కడ రాసుందని అడిగితే ఓనరు గారు చెప్పారన్నాడు. మావయ్య ఏం మాట్లాడకుండా సంచి మూతి విప్పి, అందులోంచి పెద్ద పైపు రెంచి తీసి కౌంటరు మీద పెట్టి, ‘దీనికి విడిగా రసీదు రాయి బాబూ’ అన్నాడు. ఆ తర్వాత సంచి రూములోకే వచ్చింది. మీరు మాత్రం గోనెసంచి కాకుండా రెగ్జిన్ బ్యాగు పట్టుకెళ్లండి, ఎవరూ అడగరు. రైల్లో వచ్చేవాళ్లయితే స్టేషన్లోనే రిటైరింగ్ రూము ముందుగా బుక్ చేసుకోవడం నయం.

పొద్దున్నే గాంధీనగర్లో బాబాయ్ హోటల్‌కి వెళ్లాం. వెన్న వేసిన ఇడ్లీ తిన్నాక మావయ్య మూడ్ కాస్త బాగుపడింది. ఆయనకి టైముకి టిఫిన్ పడకపోతే ఏ బేరమూ సాగదు.

జవహర్ ఆటోనగర్ మెయిన్ రోడ్ల మీద మనకి పని లేదు. అక్కడంతా లారీ బాడీలు కట్టే షెడ్లు, కమాను కట్టలు, రేడియేటర్లు, డీజిల్ పంపులు. వెనక వీధుల్లో పాత ఇనుము కొట్లుంటాయి, వెళ్లాల్సింది వాటికి. మూతపడిన వర్క్‌షాపుల సామానంతా చివరికి అక్కడికే చేరుతుంది. మేం వెళ్లిన కొట్టాయన తుక్కయితే కేజీ 45, ‘పనికొచ్చే సామాను’ అయితే 110 అన్నాడు. ఏది తుక్కు, ఏది సామాను అన్నది మాత్రం ఆయనిష్టం. మన చెయ్యి దేనిమీద ఆగితే అది సామానైపోతుంది. అందుకని ముందు నాలుగు వంకర బోల్టులు, ఓ విరిగిన జాకీ కాడ తీసి పక్కన పెట్టుకోండి. అసలు కావాల్సింది మధ్యలో దూర్చండి. ముఖం మీద సంతోషం కనపడనివ్వకండి.

ఓ డబ్బా అడుగున అంగుళాల పానాలు దొరికాయి. కింగ్‌డిక్ అనే ఇంగ్లండు కంపెనీ వాళ్ల బర్మింగ్‌హామ్ సరుకు. ఒకదాని మీద 3/8 డబ్ల్యూ అని ఉంది. డబ్ల్యూ అంటే విట్‌వర్త్. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో తెచ్చిన మర కొలత అది. ఈ పానాల మీద ఉండే నంబరు నట్టు వెడల్పుది కాదు, బోల్టు మందానిది. అందుకే 3/8 అని ఉన్నా నోరు మాత్రం 0.71 అంగుళం ఉంటుంది, అంటే దాదాపు 18 మిల్లీమీటర్లు. ఇదంతా నేను వివరిస్తుంటే మావయ్య విన్నట్టే లేడు. పక్కన పడున్న లారీ హబ్బు మీద 18 నంబరు నట్టొకటి వెతికి దానికి పెట్టి చూశాడు. చక్కగా పట్టింది. ‘దొంగది, మా డిపోలో ఇదొకటుంటే ఎవరిదో తెలియక పారేశాం’ అన్నాడు. అప్పట్నుంచి నాకంటే ముందు ఆయనే డబ్బాల్లో చెయ్యి పెట్టడం మొదలెట్టాడు. ఇంట్లో పాత బుల్లెట్ ఉన్నవాళ్లు ఈ డబ్ల్యూ పానాలు కనపడితే వదలకండి. మిల్లీమీటర్ పానాతో ఆ నట్ల మూలలు అరగదీసినవాళ్లని చాలామందిని చూశాను.

అక్కడే నాలుగంగుళాల ‘రికార్డ్’ కంపెనీ వైసు కూడా దొరికింది. షెఫీల్డ్‌లో తయారైంది, గ్రీజు గీకితే నీలం రంగు బయటపడింది. కాటా మీద 16 కేజీల 500 గ్రాములు. లెక్కన 1,815 అవుతుంది, 1,700కి ఇచ్చాడు. లోపలి నట్టులో మరలు పూర్తిగా అరిగిపోయాయి, పిడి తిప్పితే దవడ కదలదు. రెండు వీధుల అవతల లేత్ షెడ్డుకి మోసుకెళ్లాం. ఆ టర్నర్ పెద్దాయన స్క్రూని వేలితో తడిమి, గేజీ పెట్టి చూసి, గన్‌మెటల్ (ఒక రకం కంచు) ముక్క లేత్ చక్‌లో బిగించి, చదరపు మర కోసి కొత్త నట్టు చేసిచ్చాడు. మెటీరియల్‌తో కలిపి 900. పిడి వంకర ఉంటే అడక్కుండానే సరిచేశాడు, దానికి డబ్బులు తీసుకోలేదు. మాకు టీ కూడా ఆయనే తెప్పించాడు. ఇంతకంటే మంచి పనివాడు నాకు తారసపడలేదు. ఇప్పుడు ఆ వైసు ఒక్క వేలితో తిరుగుతోంది.

ఇక పాలిష్ సంగతి. పాత సామానులో నాకు బాగా నచ్చింది ఆ రింగ్ పానా. వెస్ట్ జర్మనీ అని ఉందంటే 1949కీ 1990కీ మధ్య తయారైందన్నమాట. దాని వయసు తెలిపే ఆధారం ఆ రెండు మాటలే. ఓ ప్లేటింగ్ షెడ్డులో దాన్నీ ఇంకో మూడింటినీ ఇచ్చాను. ముక్కకి 80, మొత్తం 320, ముందే తీసుకున్నారు. ‘ప్లేటింగ్ వద్దు, చక్రం వద్దు, వైర్ బ్రష్ కొట్టి వదిలెయ్యండి, అక్షరాల జోలికి వెళ్లొద్దు’ అని చెప్పాను. సుద్దముక్కతో రాసి మరీ ఇచ్చాను. ఆయన తల ఊపాడు. మర్నాడు వెళ్లేసరికి నాలుగూ అద్దాల్లా తళతళలాడుతున్నాయి. అక్షరం ఒక్కటి లేదు.

‘కొత్తదానిలా చేశాం కదా సార్, ఇంకేం కావాలి?’ అన్నాడు. వాళ్ల పద్ధతే అంత. నికెల్, క్రోమ్ పూత గుంటల్ని కప్పదు, ఉన్న గుంటని ఉన్నట్టే చూపిస్తుంది. అందుకని ముందు ఇనుమునే చదునుగా అరగదీసేస్తారు. బండి బంపర్లకి అది సరైన పనే. వాళ్లకి పానా అయినా బంపరైనా ఒకటే, లోపల చక్రం దగ్గర కూర్చున్న కుర్రాడికి నా సుద్దరాత చేరనే లేదు. నాకు నోట మాట రాలేదు. అరిచింది మావయ్య. ‘మా డిపోలో పానా పోతే జీతంలో కోసేవారు. నువ్వు దాని పేరే పోగొట్టావు, నీకేం కోయాలి?’ అన్నాడు. రెండు రోజులుగా నన్ను వెక్కిరించిన మనిషేనా అనిపించింది. చివరికి 160 వెనక్కిచ్చారు. ఆ పానాకి ఆ డబ్బు ఏ మూలకి?

ఈ పని ఇంట్లోనే చేసుకోండి, పెద్ద కష్టమేం కాదు. పూత లేని ఇనుమైతే లీటరు నీళ్లకి వంద గ్రాముల నిమ్మఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. తుప్పు మరీ మొండిదైతే బట్టలసోడా నీళ్లలో పెట్టి బ్యాటరీ చార్జర్ తగిలించొచ్చు. పానాకి మైనస్, పక్కన పెట్టే పాత ఇనప రేకుకి ప్లస్. ఆ రేకు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం కాకూడదు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి గదిలో వద్దు, పెరట్లో పెట్టుకోండి. క్రోమ్ పూత పెచ్చులూడుతున్నవాటిని పులుపు నీళ్లలో ముంచకండి, ఉన్న పెచ్చులు కూడా లేస్తాయి. వాటికి మావయ్య డిపో పద్ధతే మేలు: డీజిల్లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, కాటన్ వేస్ట్‌తో తుడవడం. చెక్క పిడులకి అవిసె నూనె.

రెండు రాత్రుల లాడ్జి 3,200 పోను సామానుకీ మరమ్మతుకీ కలిపి 4,000 లోపే అయింది. ఆ వైసు ఒక్కటే చాలు, నాకు గిట్టుబాటైనట్టే. మీరు వెళ్లేటట్టయితే శుక్రవారం లోపు వెళ్లండి. శనివారం మధ్యాహ్నం నుంచి షెడ్లలో కూలి లెక్కలు చూసుకుంటుంటారు, బేరానికి ఎవరూ దొరకరు. మాకు దొరికింది ఆ పాలిష్ ఆయనొక్కడే.