పెళ్లి చీర: కంచి పట్టా, వెంకటగిరి పట్టా?

నెల్లూరు వైపు పెళ్లి కుదిరిందంటే ముందు కంచి ప్రయాణం మాటే వస్తుంది. వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి పోయినా అంతకుముందంతా మన జిల్లాయే. అయినా అక్కడి పట్టును పీటల మీదికి తలచుకునేవాళ్లు తక్కువ. రెండూ చేమగ్గం చీరలే. తేడా నేతలోనూ, బరువులోనూ, అంతకుమించి మీ డబ్బు దేనికి పోతుందన్నదాంట్లోనూ ఉంది.

కంచి చీరలో పడుగూ పేకా పేనిన పట్టుదారమే. ఒళ్లు ఒక రంగు, అంచు ఒక రంగు అయితే మూడు నాడెలతో (పేక దారాన్ని అటూ ఇటూ నడిపేవి) నేస్తారు: ఒంటికి ఒకటి, అంచులకు రెండు. దీన్నే కోర్వై అంటారు. ప్రతి పేకలోనూ ఒంటి దారం అంచు దారాన్ని మెలేసుకుని వెనక్కి తిరుగుతుంది కాబట్టి, చీర తిరగేస్తే అతుకు దగ్గర సన్నటి పళ్లవరస లాంటి గీత కనిపిస్తుంది. ఈ మెలిక వదులైతే కట్టగా కట్టగా అంచు ఊడివస్తుంది. కొనేముందు అతుకును రెండువైపులా పట్టుకుని లాగి చూడండి.

ధరను తేల్చేది జరీ. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత వేసినది. చివర ఒక పోగు తీసి గోటితో గీకితే తెల్లటి వెండి, లోపల ఎర్రటి పట్టుదారం కనిపించాలి. రాగి రంగు తేలితే అది టెస్టెడ్ జరీ, అంటే వెండికి బదులు రాగి తీగ చుట్టినది. వెండి జరీ కంచి చీర చౌకగా రాదు. తక్కువకు ఇస్తున్నారంటే జరీ మారి ఉండాలి, లేదా మరమగ్గం మీద నేసి ఉండాలి.

వెంకటగిరి నేతను వెలుగోటి రాజులు ఆదరించారు. 100 కౌంటు నూలుతో వచ్చిన సన్నదనమే పట్టులోనూ ఉంటుంది. ఇక్కడ డబ్బు పోయేది జరీ బరువుకు కాదు, కొంగు మీది జాంధానీ పనికి. నెమలి, చిలక, హంస ఏదైనా, ఆ బొమ్మ ఉన్నంత మేరకే అదనపు దారాన్ని చేత్తో తిప్పి నేస్తారు. అందుకే వెనకవైపు దారాలు వేలాడవు. వెనక పొడుగు పోగులుంటే, లేదా కత్తిరించిన కొసలుంటే అది జాంధానీ కాదు. కంచి కొంగు వెనక పోగులు మాత్రం మామూలే. గాజులకు, మెట్టెలకు తగులుకుంటాయి కనుక నెట్ కుట్టించాలి.

చైత్ర వైశాఖాల్లో మన ఎండకు, ఉక్కకు నిండు జరీ కంచి చీర కిలో దాకా తూగుతుంటే పెళ్లికూతురు రెండు గంటలు పీటల మీద ఎలా కూర్చుంటుందో ఆలోచించండి. వెంకటగిరి దానికంటే బాగా తేలిక. కుచ్చిళ్లు సన్నగా నిలుస్తాయి. గృహప్రవేశానికి, నోముకు మళ్లీ మళ్లీ కట్టొచ్చు. కంచి చీర మడత మార్చకుండా ఏళ్లకేళ్లు బీరువాలోనే ఉంటే మడతల దగ్గరే చిట్లుతుంది.

మా తీర్పు: వెండి జరీకి సరిపడా డబ్బుంటే ముహూర్తానికి కంచి కొనండి, కూతురికి దాచిపెట్టేదీ అదే. అంత లేకపోతే టెస్టెడ్ జరీ కంచి వద్దు, ఆ డబ్బుతో మంచి జాంధానీ వెంకటగిరి వస్తుంది. పెట్టుబడి చీరలకు ఈ రెండూ అక్కర్లేదు, చీరాల కుప్పడం చాలు. దాని ఒళ్లు నూలుదైతే మొదటి ఉతుకులో కుదించుకుని పట్టు అంచు ముడతలు పడుతుందని మాత్రం పుచ్చుకునేవాళ్లకు చెప్పండి.

ఏది కొన్నా ఫాల్ గుడ్డను ముందు నీళ్లలో తడిపి ఆరేశాకే కుట్టించండి. సెంటు జరీ మీద పడనీయొద్దు. కట్టిన చీరను చెమట ఆరేదాకా నీడలో వేసి, తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకొకసారి మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. వాటిని విడిగా మూట కట్టి బీరువా మూలన ఉంచితే సరి.