పాత హీరోనా, బయటి కోచా?

పడిపోయిన కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టును లేపడానికి ఇంటి మనిషిని తేవాలా, బయటివాణ్ణా? అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ 2017లో మొదటి దారే పట్టింది, 1984లో ఆటగాడిగా తమను చాంపియన్ చేసిన ప్యాట్రిక్ యూయింగ్‌నే కోచ్‌ని చేసింది, ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా ఉన్నా హెడ్ కోచ్‌గా ఆయనకి అదే మొదటిసారి. 2021లో తమ లీగ్ బిగ్ ఈస్ట్ టోర్నీ గెలిస్తే హమ్మయ్య అనుకున్నారు, మరుసటి సీజన్లో లీగ్ మ్యాచ్‌లు 19కి 19 పోయాయి.

యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) 2018లో ఏ చుట్టరికమూ లేని డాన్ హర్లీని తెచ్చింది. 2023, 2024 జాతీయ టైటిళ్లు వరసగా కొట్టాడు. అలాగని సూత్రమేం కాదు, అక్కడ 2014 టైటిల్ తెచ్చిన కోచ్ కెవిన్ ఒల్లీ ఆ జట్టు పాత ఆటగాడే, తర్వాత జట్టు జారిందీ ఆయన హయాంలోనే.

నా ఓటు బయటివాడికే. ఆ సీజన్ మొత్తంలో 31 మ్యాచ్‌ల్లో 25 ఓడాక కూడా యూయింగ్‌ని ఇంకో సీజన్ ఉంచారంటే మొహమాటం కాక ఇంకేంటి?