650 వాట్ల బ్రాంజా, 750 వాట్ల గోల్డా? గేమింగ్ పీసీకి ఏ ఎస్‌ఎంపీఎస్ మేలు?

మా మేనల్లుడిది మార్కాపురం దగ్గర ఊరు. పగలు వీడియో ఎడిటింగ్ పనులు చేసుకుంటాడు, రాత్రిళ్లు గేమ్స్ ఆడతాడు. ఏడాది పాటు డబ్బు కూడబెట్టి, కొత్త గేమింగ్ పీసీ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు షాపుల నుంచి కొటేషన్లు తెప్పించాడు. అవి నాకు వాట్సాప్‌లో పంపాడు. ప్రాసెసర్ రైజెన్ 5 7600, గ్రాఫిక్స్ కార్డు ఆర్టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ, ర్యామ్ 32 జీబీ. అన్నిటికీ కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉన్నాయి. గోడ కరెంటును పీసీ భాగాలకు పనికొచ్చేలా మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక కొటేషన్‌లో "650 వాట్స్ బ్రాంజ్", ఇంకోదానిలో "750 వాట్స్ గోల్డ్" అని రాసి వదిలేశారు. రెంటికీ తేడా 3 వేల రూపాయలు.

"మామయ్యా, ఏది మేలు? లేకపోతే పాత క్యాబినెట్‌లో ఉన్నదే వాడేద్దామా? ఆ డబ్బు మొత్తం మిగులుతుంది" అని అడిగాడు.

ముందు ఆ మూడో మాట సంగతి చూద్దాం. పాతదాన్ని విప్పి, పక్కనున్న స్టిక్కర్ ఫొటో తీసి పంపమన్నాను. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడిలో 16 యాంపియర్లు అని ఉంది. ఆ రెండూ గుణిస్తే వచ్చేది 192 వాట్లు. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కరెంటు లాగేది 12 వోల్టుల లైను నుంచే. అంటే ఆ 450లో వీడికి పనికొచ్చేది 192 మాత్రమే. వెనకవైపు 115, 230 అని అటూ ఇటూ జరిపే ఎర్ర స్విచ్ కూడా ఉంది. ఆ స్విచ్ ఉందంటే లోపల యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ (గోడ నుంచి కరెంటును సాఫీగా లాగేలా చూసేది) లేనట్టే, అది పాతకాలపు డిజైన్ అన్నట్టే. సరైన 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద 12 వోల్టుల దగ్గర 54 యాంపియర్లు, అంటే 648 వాట్లు కనిపిస్తాయి. షాపులో డబ్బా చేతికి ఇచ్చినప్పుడు ఎవరైనా మొదట చూడాల్సింది ఆ గడే.

ఈ విషయంలో నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి అసెంబుల్డ్ పీసీలో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్సే ఉండేది. దాని మీద 500 వాట్లని రాసి ఉంది. 120 వాట్లు లాగే జీటీఎక్స్ 1060 కార్డు వేశాను. ఒక మే నెల సాయంత్రం ఆట మధ్యలో టప్‌మని శబ్దం వచ్చింది, స్క్రీన్ నల్లబడింది, గదంతా కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోతే బాధ లేదు, అది పోతూ పోతూ మదర్‌బోర్డునూ తీసుకుపోయింది. పీసీలోని ప్రతి భాగానికీ కరెంటు అందించేది ఇదే. కాబట్టి ఇది చెడితే ఆ దెబ్బ ఎక్కడైనా తగలొచ్చు.

పాతది పక్కన పెట్టేశాం. ఇక అసలు పోటీ బ్రాంజ్‌కీ గోల్డ్‌కీ.

ముందు ఎన్ని వాట్లు కావాలో లెక్క వేద్దాం. 5060 టీఐ కార్డు 180 వాట్లు లాగుతుంది. రైజెన్ 5 7600కి 65 వాట్లని రాస్తారు గానీ పూర్తి జోరులో 88 దాకా వెళ్తుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకో 60 అనుకుందాం. మొత్తం 330 దాటదు. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్ మీద అంత బరువు పడదు కాబట్టి 300 దగ్గరే ఉంటుంది. ఈ కార్డుకు దాని చిప్ తయారుచేసే ఎన్‌విడియా సూచించేది 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 650తో దాదాపు సగం సామర్థ్యం మీద నడుస్తుంది, అది హాయిగా నడిచే చోటు. 750 కొన్నా ఈ పీసీలో గేమ్ వేగం ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు.

మరి గోల్డ్ వల్ల కరెంటు బిల్లు తగ్గుతుందంటారు కదా! 2004లో మొదలైన 80 ప్లస్ అనే ధ్రువీకరణలో ఈ బ్రాంజ్, గోల్డ్, ప్లాటినం అనేవి అంచెలు. 115 వోల్టుల మీద చేసే పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం సామర్థ్యం ఉండాలి. మన 230 వోల్టుల మీద రెండూ ఇంకాస్త మెరుగ్గానే పనిచేస్తాయి. పీసీ 300 వాట్లు వాడుతుంటే బ్రాంజ్ గోడ నుంచి 353 వాట్లు లాగుతుంది, గోల్డ్ 333. తేడా 20 వాట్లు. రోజుకు 4 గంటలు ఆడితే ఏడాదికి 29 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా 230 రూపాయలు. పైన పెట్టిన 3 వేలు బిల్లు రూపంలో వెనక్కి రావాలంటే 13 ఏళ్లు ఆగాలి. రోజంతా రెండరింగ్ నడిపేవాళ్లకు లెక్క మారుతుంది గానీ, వీడిది ఆ స్థాయి పని కాదు.

గోల్డ్ అంటే గట్టి సరుకు అనుకోవడం కూడా పొరపాటే. ఆ ముద్ర చెప్పేది ఎంత కరెంటు వృథా కాకుండా వస్తోందన్నది మాత్రమే. ఎంతకాలం మన్నుతుందో, ఓవర్‌లోడ్ అయితే తనంతట తాను ఆగుతుందో లేదో అది చెప్పదు. గిగాబైట్ జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం రెండూ గోల్డ్ ముద్ర ఉన్నవే. పరీక్షల్లో అవి పేలిపోతున్నాయని సమీక్షకులు బయటపెట్టాక, 2021లో కంపెనీ ఓవర్‌లోడ్ దగ్గర ఆగే హద్దును తగ్గించి, పాతవాటిని మార్చి ఇస్తామని ప్రకటించింది. అందుకే రంగును చూసి కొనొద్దంటాను. ఆ మోడల్ పేరుతో సమీక్ష చదివి కొనాలి. కొటేషన్‌లో మోడల్ నంబరు లేకపోతే అడిగి రాయించుకోవాలి.

అలాగని గోల్డ్‌కు ఇచ్చే డబ్బు వృథా అనడం లేదు. దానికి లాభాలున్నాయి, కాకపోతే బిల్లులో కాదు. వేడి తక్కువ పుడుతుంది కాబట్టి ఫ్యాన్ నిదానంగా తిరుగుతుంది, తక్కువ లోడు మీద చాలావాటిలో అసలు తిరగనే తిరగదు. రాత్రి పూట హెడ్‌ఫోన్స్ లేకుండా పనిచేసేవాళ్లకు అది పెద్ద సుఖం. బ్రాంజ్‌కు ఎక్కువగా 5 ఏళ్ల వారంటీ వస్తే, మంచి గోల్డ్‌కు 7 నుంచి 10 ఏళ్లు వస్తుంది. లోపల కరెంటును కాసేపు నిల్వ చేసే కెపాసిటర్లు కూడా సాధారణంగా మేలు రకానివి పడతాయి. మన ఎండలకు ఈ చివరి సంగతి ముఖ్యం. వేడి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. ఏప్రిల్‌లో ఏసీ లేని గది 40 డిగ్రీలు దాటుతుంది, క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. కొన్ని చవక మోడళ్లకు రాసిన వాట్లు 40 డిగ్రీల దాకానే లెక్క. 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి వాట్లు ఇస్తుందని రాసి ఉన్నది తీసుకోవాలి, బ్రాంజ్ అయినా గోల్డ్ అయినా.

కేబుళ్లు ఊడదీసుకునే మాడ్యులర్ రకమా, కాదా అన్నది చూపు కోసమే, పనితీరులో తేడా ఏమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఒక ఎస్‌ఎంపీఎస్ కేబుల్‌ను ఇంకోదానికి పెట్టకూడదు. ప్లగ్ సరిగ్గా పట్టినా లోపల తీగల వరుస వేరుగా ఉంటుంది, హార్డ్ డిస్కులు కాలిపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా నేను పట్టించుకున్నది వేరే సంగతి. దాన్ని కొటేషన్‌లోనే కాదు, షాపువాళ్ల మాటల్లోనూ ఎక్కడా వినలేదు. సాయంత్రం ఏడింటికి మల్టీమీటర్ పెట్టి ప్లగ్‌లో వోల్టేజీ ఎంతుందో చూడమన్నాను. 170 వచ్చింది. త్రీఫేజ్ కరెంటు వచ్చి బోరు మోటార్లన్నీ ఒకేసారి తిరిగే వేళకు వాళ్ల ఊళ్లో ట్యూబులైటు కూడా మిణుకు మిణుకుమంటుంది. ఇలాంటి చోట స్టిక్కర్ మీద ఇన్‌పుట్ అని ఉన్న వరుస ప్రాణం లాంటిది. కొన్నిటికి అక్కడ 100 నుంచి 240 వోల్టులని ఉంటుంది. ఇంకొన్నిటికి 200 నుంచి 240 అని మాత్రమే ఉంటుంది. మొదటి రకం 170 వోల్టుల మీద కూడా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. రెండో రకం నడవొచ్చు, నడవకపోవచ్చు. ఆట మధ్యలో ఠక్కున ఆగిపోతే గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తూ వారం రోజులు తల పట్టుకుంటాం.

రెండు షాపులకూ ఫోన్ చేయించి మోడల్ నంబర్లు కనుక్కుంటే తేలిందేమిటంటే, బ్రాంజ్‌ది 200–240, గోల్డ్‌ది 100–240. వీడు వెంటనే "అయితే గోల్డే తీసుకుంటా మామయ్యా" అన్నాడు. ఆగమన్నాను. బ్రాంజ్‌లోనే 100–240 ఉన్నవి, 50 డిగ్రీలకు లెక్క కట్టినవి, డీసీ-టు-డీసీ డిజైన్‌వి చాలా ఉన్నాయి. ఈ డీసీ-టు-డీసీ ఎందుకంటే, పాత పద్ధతిలో 12 వోల్టులు, 5 వోల్టులు ఒకే నియంత్రణలో ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డు 12 మీద బరువు పెంచగానే 5 అటూ ఇటూ ఊగుతుంది. కొత్త పద్ధతిలో దేని దారి దానిదే. అలాంటి బ్రాంజ్ మోడల్ ఒకటి అదే షాపులో 700 రూపాయలు ఎక్కువకు దొరికింది. మిగిలిన 2,300 యూపీఎస్‌కు పెట్టమన్నాను.

యూపీఎస్ ఎందుకంటే, ఎస్‌ఎంపీఎస్ ఎంత మంచిదైనా కరెంటు పోయాక తన కెపాసిటర్లలో దాచుకున్న దానితో లాగగలిగేది పది, పదిహేను మిల్లీసెకన్లే. ఆలోగా బ్యాటరీ అందుకోవాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి, మామూలు మోడ్‌లో అది మారేలోపే పీసీ రీస్టార్ట్ అవుతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని, మెట్లు మెట్లుగా వచ్చే చవక యూపీఎస్ కరెంటుకు గొణుగుతాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. గోడ కరెంటులా సాఫీ అలగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ అయితే ఆ టెన్షన్ ఉండదు. సైజు విషయంలో కూడా పొరబడొద్దు. 600 వీఏ (వోల్ట్-యాంపియర్లు) అని అమ్మేవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి. ఈ పీసీ, మానిటర్ కలిపితే అది చాలీచాలకుండా ఉంటుంది. 1000 వీఏ తీసుకోమన్నాను.

మరి 750 వాట్ల గోల్డ్ ఎవరికి మేలు? ఇదే పీసీలో ఆర్టీఎక్స్ 5070 టీఐ అనుకున్నవాళ్లకు. అది 300 వాట్ల కార్డు, ఎన్‌విడియా సూచించేదే 750. ఇంత పెద్ద కార్డులు క్షణంలో వెయ్యో వంతు పాటు తమ హద్దును బాగా మించి కరెంటు లాగుతాయి. 2020లో ఆర్టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు చాలామంది పీసీలు ఆట మధ్యలో రీస్టార్ట్ అయ్యింది ఇందుకే. 2022లో ఎస్‌ఎంపీఎస్‌ల తయారీకి వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఆ కుదుపులను దృష్టిలో పెట్టుకుని, 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు వాట్లను తట్టుకోవాలని నియమం పెట్టింది. ఆ ఏడాదే ఆర్టీఎక్స్ 4090తో 16 పిన్నుల కొత్త కనెక్టర్ కరిగిపోయిన ఫొటోలు అందరూ చూశారు. తర్వాతి ఏటీఎక్స్ 3.1లో దాన్ని 12వీ-2×6గా సవరించారు. ప్లగ్ పూర్తిగా లోపలికి దిగకపోతే కార్డుకు కరెంటు వెళ్లనీయకుండా చూడడమే ఆ సవరణ ఉద్దేశం. 5070 టీఐ వాడేవాళ్లు 3.1 ఉన్న గోల్డే తీసుకోవాలి, అక్కడ 3 వేలకు వెనకాడకూడదు. 5060 టీఐ కార్డుల్లో చాలావాటికి మామూలు 8 పిన్నుల కేబుల్ ఒక్కటి చాలు కాబట్టి మనకు ఆ గొడవ లేదు.

"రెండేళ్ల తర్వాత పెద్ద కార్డు మారుస్తానేమో?" అని కూడా అడిగాడు. ఖాయంగా మారుస్తానంటే ఇప్పుడే గోల్డ్ కొనుక్కోవడం మేలు. "ఏమో" దగ్గరే ఉంటే బ్రాంజ్. వాడు కాసేపు ఆలోచించి బ్రాంజే తీసుకున్నాడు.

పీసీ వచ్చిన మర్నాడు ఫోన్ చేశాడు. "మామయ్యా, క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయి, ఎస్‌ఎంపీఎస్ పాడైందా?" పాడవలేదు. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా లీకయ్యే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఎర్తింగ్ లేకపోతే క్యాబినెట్ మీదే నిలుస్తుంది. బ్రాంజ్ అయినా గోల్డ్ అయినా ఇంతే. వాళ్ల గోడ ప్లగ్‌లో మూడో కన్నం ఉంది గానీ దాని వెనక తీగే లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, పెరట్లో గొయ్యి తీయించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పైపు దింపారు. ఇప్పుడు ముట్టుకున్నా ఏమీ అనిపించడం లేదట.